గోదారి పాయలు దాటి వచ్చే జ్వరం

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, వైనతేయ మధ్యగా చీల్చుకుపోగా, దక్షిణాన సముద్రం హద్దుగా ఏర్పడిన కోనసీమకు ఒకప్పుడు ఏ వైపు నుంచి రావాలన్నా రేవు దాటక తప్పేది కాదు. ఇప్పుడు జొన్నాడ, సిద్ధాంతం, చించినాడ, ఎదుర్లంక దగ్గరి వంతెనల మీదుగా బస్సులూ లారీలూ రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేవారు ఇంకా ఉన్నా, నీళ్లు చుట్టుముట్టిన సీమ అన్న మాట పటంలో మాత్రమే మిగిలింది. ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఎలా పుడుతుందో, ఎలా పాకుతుందో, దాని వేగానికి ఎక్కడ కళ్లెం వేయవచ్చో తెలుసుకోవడానికి ఈ చిన్న సీమ కంటే మంచి ఉదాహరణ తెలుగునాట దొరకడం కష్టం. ఎందుకంటే ఆ వ్యాధికి కావలసిన హంగులన్నీ, అంటే గల్ఫ్ నుంచి వచ్చిపోయే జనం, వరిచేలల్లో మేసే బాతులు, పాయకు అవతలే కోళ్ల ఫారాలు, ఏటా లక్షల కాళ్లు తొక్కే తీర్థాలు, ఇక్కడ కూతవేటు దూరంలో ఉన్నాయి.

జలుబుకూ ఫ్లూకూ తేడా తెలియకుండా రెండింటినీ కలిపి వైరల్ ఫీవర్ అనేయడం మన ఊళ్లలో అలవాటు. పడిశం పట్టినవాడు ముక్కు తుడుచుకుంటూనే పొలానికి వెళ్లగలడు. ఇన్‌ఫ్లుయెంజా పట్టినవాడికి మాత్రం కొన్ని గంటల్లోనే జ్వరం ఎగబాకి, ఒళ్లంతా విరిచేసినట్టయి, తలనొప్పి, పొడి దగ్గు, గొంతు మంట కమ్ముకొని మంచం దిగడమే కష్టమవుతుంది. చాలామందిలో వారం తిరిగేసరికి తగ్గిపోయినా, వృద్ధుల్లో, గర్భిణుల్లో, పసిపిల్లల్లో, షుగరు, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారిలో ఊపిరితిత్తుల దాకా దిగి న్యుమోనియాగా మారవచ్చు. దీనికి కారణమైన వైరస్‌లో ఎ, బి, సి, డి అని నాలుగు రకాలున్నాయి. ఏటా వచ్చే ఫ్లూకు ఎ, బి రకాలు రెండూ కారణమే అయినా, ఇప్పటిదాకా ప్రపంచాన్ని చుట్టేసిన మహమ్మారులన్నీ ఎ రకానివే. ఈ వైరస్ పైపొర మీద రెండు రకాల ప్రొటీన్ ముళ్లు ఉంటాయి: హీమాగ్లుటినిన్ అనేది మన కణాలకు అతుక్కొని లోపలికి దూరడానికీ, న్యూరామినిడేజ్ అనేది లోపల పెరిగిన కొత్త వైరస్‌లు కణాన్ని వదిలి బయటపడడానికీ పనికివస్తాయి. వాటి తొలి అక్షరాలనే తీసుకొని, రకాలకు అంకెలు వేసి హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, హెచ్5ఎన్1 అని పిలుస్తున్నారు.

ఈ వైరస్ రెండు విధాలుగా మారుతుంది, ఏటా వచ్చే ఫ్లూకూ మహమ్మారికీ ఉన్న తేడా అంతా ఆ రెండు మార్పుల్లోనే ఉంది. మొదటిది చిన్నచిన్న మార్పు: వైరస్ తనను తాను నకలు తీసుకునేటప్పుడు దొర్లే తప్పుల వల్ల పై ముళ్ల ఆకారం కొద్దికొద్దిగా జరుగుతూ పోవడంతో, నిరుడు ఒంట్లో తయారైన రోగనిరోధక శక్తి ఈ ఏడు పూర్తిగా అక్కరకు రాదు. రెండోది పెద్ద మార్పు. ఇన్‌ఫ్లుయెంజా ఎ జన్యుపదార్థం ఒకే దారంగా కాక ఎనిమిది ముక్కలుగా ఉండడం వల్ల, ఒకే జంతువు కణంలోకి రెండు వేర్వేరు ఫ్లూ వైరస్‌లు ఒకేసారి చొరబడితే, రెండు పేకల ముక్కలను కలిపి పంచినట్టుగా ఆ ముక్కలు కలగలిసి, మనుషులెవరి ఒంటికీ పరిచయం లేని కొత్త వైరస్ బయటికి రాగలదు. పక్షుల వైరస్‌లూ మనుషుల వైరస్‌లూ రెండూ అతుక్కోగల కణాలు పందుల శ్వాసనాళంలో ఉండడం వల్ల ఈ కలయికకు పంది అనువైన చోటు అని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. 2009లో ప్రపంచాన్ని చుట్టిన హెచ్1ఎన్1 అలా పందుల్లో కలగలిసి పుట్టినదే.

గత శతాబ్దం మొదలు ఇప్పటివరకు వచ్చిన పెద్ద ఫ్లూ మహమ్మారులు నాలుగు: 1918, 1957, 1968, 2009. వీటిలో మూడింటికి మన దేశపు వాకిలి ఏదో స్పష్టంగా తెలుసు, ప్రతిసారీ వాకిలి మారింది. 1918 జూన్‌లో బొంబాయి ఓడరేవు కాపలాలో ఉన్న పోలీసు సిపాయిలు కొందరు జ్వరంతో ఆసుపత్రిలో చేరడంతో ఆ ఏటి ఫ్లూ దేశంలో నమోదైంది. మొదటి అల అంతగా ప్రాణాలు తీయకపోయినా, సెప్టెంబరు నాటికి లేచిన రెండో అల రైలు దారుల వెంట దేశమంతా పాకి ఊళ్లకు ఊళ్లను పడుకోబెట్టింది. ఆ ఏడు వానలు కూడా ముఖం చాటేయడంతో తిండిగింజల కరువు తోడై, దేశంలో మృతులు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా ఉంటారని వేర్వేరు అంచనాలు చెబుతున్నాయి. మన జనాభా లెక్కల చరిత్రలో జనాభా పెరగకుండా తగ్గిన ఒకే ఒక దశాబ్దం 1911 నుంచి 1921 వరకు గడిచినది. ఆ జ్వరానికి ఉన్న మరో విపరీత లక్షణం, సాధారణంగా ఫ్లూ తేలిగ్గా వదిలేసే 20 నుంచి 40 ఏళ్ల వయసు వారినే ఎక్కువగా పొట్టన పెట్టుకోవడం. పోయినవారిలో చాలామందిని వైరస్ నేరుగా చంపలేదు. అది పుండు చేసిన ఊపిరితిత్తుల్లోకి బాక్టీరియా చేరి తెచ్చిన న్యుమోనియా చంపింది, దానికి వాడవలసిన యాంటిబయాటిక్ మందులు ఇంకా పుట్టలేదు.

అప్పటికి కోనసీమలోకి రైలు లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు పడింది 1928లో, అదీ గౌతమికి అవతలి ఒడ్డు వరకే. కానీ ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తర్వాత తవ్విన కాలువల్లో పడవలు నిత్యం నడిచేవి, రాజమండ్రి స్టేషనుకూ అమలాపురం సంతకూ మధ్య మనుషులూ సరుకులూ వాటిలోనే తిరిగేవి. నీరు నిజంగా అడ్డుగా నిలవాలంటే ఏం చేయాలో అదే ఏడాది పసిఫిక్ మహాసముద్రంలోని రెండు ద్వీప సమూహాలు చూపించాయి. 1918 నవంబరులో ఆక్లండ్ నుంచి వచ్చిన తలూనే అనే ఓడను పశ్చిమ సమోవా అధికారులు రేవులోకి రానివ్వగా, కొన్ని వారాల్లోనే అక్కడ జనాభాలో ఐదో వంతు చచ్చిపోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ జాన్ పోయర్ ఓడలన్నిటినీ కఠినంగా కట్టడి చేయడంతో ఫ్లూ మరణం ఒక్కటీ నమోదు కాలేదు. అంతటి కట్టడి ఇన్ని వంతెనలున్న కోనసీమకు ఎన్నటికీ సాధ్యం కాదు, అక్కర కూడా లేదు. వైరస్‌ను గడప అవతలే ఆపేస్తామనే ఆశ వదులుకొని, అది వచ్చాక ఎన్ని రోజుల్లో గుర్తించగలం, దాని నడకను ఎంత మందగింపజేయగలం అన్న లెక్కలోకి దిగడమే తెలివైన పని.

1957లో వచ్చిన హెచ్2ఎన్2 సింగపూర్, మలయా వైపు నుంచి ఓడలో మే నెలలో మద్రాసు రేవులో దిగింది. నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పటికే ఉన్న ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం దాని నమూనాలను పరీక్షించగలగడం 1918తో పోలిస్తే వచ్చిన పెద్ద మార్పు. ఆ ఏడు మే నుంచి మరుసటి ఫిబ్రవరి వరకు దేశంలో సుమారు 44 లక్షల కేసులు, దాదాపు 1,100 మరణాలు ప్రభుత్వ లెక్కలకు ఎక్కాయి. ఎక్కనివి ఎన్నో ఊహించుకోవలసిందే. 1968 నాటి హెచ్3ఎన్2 హాంగ్‌కాంగ్ ఫ్లూగా పేరుపడి, ఇప్పటికీ ఏటా వచ్చే ఫ్లూలో ఒకటిగా మనతోనే ఉంది. 2009లో వాకిలి తెలుగునాటే తెరుచుకుంది. అమెరికా నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్ విమానాశ్రయంలో దిగిన ఒక యువకుడిలో మే నెలలో బయటపడినదే దేశంలో తొలి హెచ్1ఎన్1 కేసు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా ప్రకటించింది, ఆగస్టులో పుణెలో దేశంలోని తొలి మరణం సంభవించింది. మహమ్మారి ముగిసిందని 2010 ఆగస్టులో ప్రకటించినా ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. 2015లో అది మళ్లీ విజృంభించినప్పుడు దేశంలో 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు చేరువగా మరణాలు నమోదయ్యాయి. దానికి పడ్డ స్వైన్ ఫ్లూ అన్న పేరు అప్పట్లో భయపెట్టినంతగా ఇప్పుడు ఎవరినీ భయపెట్టకపోవడం మంచిదో చెడ్డదో చెప్పలేం.

ఓడ నుంచి విమానానికి మారిన ఈ ప్రయాణంలో కోనసీమకు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన అంశం ఒకటి ఉంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల్లో కువైట్‌కో, ఖతర్‌కో, దుబాయ్‌కో మనిషిని పంపని వీధి అరుదు. ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లూ, డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్లిన మగవాళ్లూ రెండు మూడేళ్లకొకసారి సెలవు మీద వస్తారు. ఫ్లూ వైరస్ ఒంట్లో చేరినప్పటి నుంచి లక్షణాలు కనబడేదాకా ఒకటి నుంచి నాలుగు రోజులు, సగటున రెండు రోజులు పడుతుంది. కువైట్‌లో విమానం ఎక్కిన మనిషి రాజోలు చేరడానికి ఒక్క రోజు చాలు. కాబట్టి విమానాశ్రయంలో నుదుటి వేడి చూసే పరికరం ముందు ఆ మనిషి ఆరోగ్యవంతుడిగానే నడిచి వస్తాడు, లక్షణాలు మొదలయ్యే ముందు రోజు నుంచే ఇతరులకు అంటించగలడు, చూడవచ్చిన చుట్టాల మధ్య కూర్చున్నాక గానీ దగ్గు మొదలుకాదు. ఇందులో అతడి తప్పేమీ లేదు. కోవిడ్ తొలి నెలల్లో విదేశాల నుంచి వచ్చినవారిని ఊరి బహిష్కృతుల్లా చూసిన తీరు, జ్వరం వచ్చినా దాచుకునేలా చేయడం తప్ప ఏ మేలూ చేయలేదు. సెలవు మీద వచ్చినవారికి వారం లోపు జ్వరం తగిలితే ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎమ్‌కో వెంటనే చెప్పే ధైర్యం ఉండేలా చూడడం ఎన్ని థర్మామీటర్లకైనా సాటివస్తుంది.

ఆ ధైర్యం విలువ ఎంతో కూడికలు వచ్చిన ఎవరైనా లెక్కవేసుకోవచ్చు. ఫ్లూలో ఒక రోగి నుంచి తర్వాతి రోగికి వ్యాధి చేరడానికి సుమారు మూడు రోజులు పడుతుంది, అంటే నెలలో పది వరసలు. ఒక్కొక్కరి నుంచి ఇద్దరికి సోకుతూ పోతే పదో వరసలో వెయ్యి దాటుతారు. అదే ఒకటిన్నర మందికి తగ్గితే యాభై ఎనిమిది మంది, 1.3కి తగ్గితే పద్నాలుగు మంది. జ్వరం వచ్చిన పిల్లవాడిని నాలుగు రోజులు బడి మాన్పించడం, దగ్గేటప్పుడు కండువా అడ్డం పెట్టుకోవడం, రోగికి సేవ చేసేవారు మాస్కు కట్టుకోవడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం లాంటివి విడివిడిగా చూస్తే చాదస్తంగా కనబడతాయి. ఏ ఒక్కటీ వైరస్‌ను ఆపదు కూడా. కానీ అవన్నీ కలిసి సగటును రెండు నుంచి 1.3కి దించగలిగితే, అమలాపురం ఆసుపత్రుల్లోని పడకలు నిండిపోవడానికీ, ఖాళీగా ఉండడానికీ ఉన్న తేడా అదే అవుతుంది.

ఈ వైరస్ దగ్గు తుంపర్లలోనూ, ఊపిరితో వెలువడి మూసిన గదుల్లో చాలాసేపు తేలాడే సన్నని కణాల్లోనూ, చేతులకు అంటుకొని ముక్కుకూ కంటికీ చేరడం ద్వారానూ పాకుతుంది. కోనసీమ పాత మండువా లోగిళ్లలో నడిమింట ఆకాశం కనబడేది, గాలి వచ్చిన దారినే పోయేది. ఇప్పటి పెళ్లిళ్లు ఏసీ కల్యాణ మండపాల్లో, తలుపులు బిగించుకొని, ఒకే గాలిని వందలమంది గంటల తరబడి పంచుకుంటూ జరుగుతున్నాయి. వాస్తు పేరుతో కిటికీల మీద ఎన్నో లెక్కలు వేసే ఇళ్లలో, జ్వరం వచ్చిన మనిషి గది కిటికీ మాత్రం చలిగాలి తగులుతుందని మూసేస్తారు. చేయవలసింది దానికి సరిగ్గా తలకిందులు.

మనుషుల సంగతి ఇలా ఉండగా, మహమ్మారికి అసలు ముడిసరుకు పక్షుల్లో ఉంది. నీటి పక్షులే ఇన్‌ఫ్లుయెంజా ఎ రకాల్లో దాదాపు అన్నింటికీ పుట్టినిల్లు. అడవి బాతుల పేగుల్లో ఈ వైరస్ తరతరాలుగా వాటికి పెద్దగా హాని చేయకుండానే పెరుగుతూ, రెట్ట ద్వారా నీటిలో చేరుతుంది. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు కోళ్ల ఫారాల నుంచి పంపిన నమూనాల్లో హెచ్5ఎన్1 ఉన్నట్టు భోపాల్‌లోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థ నిర్ధారించింది. పెరవలి వశిష్ఠకు ఇవతల కాకపోయినా, రావులపాలెం నుంచి సిద్ధాంతం వంతెన దాటితే బండి మీద కాసేపటి దారి. నిబంధనల ప్రకారం వ్యాధి బయటపడిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు లోపు కోళ్లన్నింటినీ చంపి పాతిపెట్టి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. ఆ వృత్తపు గీత నది ఒడ్డుకు వచ్చి ఆగదు, జిల్లా సరిహద్దును అడగదు. ఆ రోజుల్లో చచ్చిన కోళ్లను రోడ్ల పక్కనా, కాలువల్లోనూ పారేస్తున్నారన్న వార్తలు వచ్చాయి. తాగునీటికీ సాగునీటికీ గోదావరి కాలువలే దిక్కయిన డెల్టాలో ఇంతకంటే ప్రమాదకరమైన పని మరొకటి ఉండదు. చల్లని నీటిలో ఈ వైరస్ రోజుల తరబడి బతికి ఉండగలదు.

బాతుల విషయం ఇంకా చిక్కైనది. కోతలయ్యాక వరిచేలల్లో రాలిన గింజలూ నత్తలూ మేపడానికి వందల బాతులను మందలుగా తోలుకొని ఊరూరా తిరిగే కుటుంబాలు గోదావరి డెల్టాలో కొత్తవి కావు. పగలు చేలోనూ కాలువలోనూ, రాత్రి గట్టు మీద వలకంచె లోపలా ఉండే ఈ మందలు, గౌతమి ముఖద్వారం దగ్గరి కోరింగ మడ అడవులకు శీతకాలంలో వచ్చే వలస పక్షులు తాగే నీళ్లనే తాగుతాయి. హెచ్5ఎన్1 సోకితే నాటుకోడి ఒకటి రెండు రోజుల్లో చచ్చి చాటుతుంది. బాతు చాలాసార్లు ఏమీ పట్టనట్టే తిరుగుతూ వైరస్‌ను వెదజల్లుతుంది. థాయ్‌లాండ్‌లో 2004 ప్రాంతంలో ఈ వ్యాధి ఎక్కడెక్కడ పాతుకుపోయిందో పరిశీలించినవారు, ఏడాదికి రెండు మూడు పంటలు పండే వరి భూములూ, వాటిలో స్వేచ్ఛగా మేసే బాతులూ ఉన్న చోట్లే అది ఎక్కువగా నిలిచిందని తేల్చారు. మన దేశంలోనూ కొబ్బరి, వరి, నీటి కాలువలతో కోనసీమకు కవల అనదగిన కేరళలోని కుట్టనాడులో 2014 మొదలు మళ్లీమళ్లీ బాతుల్లో బర్డ్ ఫ్లూ బయటపడి వేలాది బాతులను చంపవలసి వచ్చింది. కోనసీమను ఆంధ్రా కేరళ అని మురిసిపోయేవారు ఆ పోలికలోని ఈ వైపును కూడా గమనించాలి.

పక్షుల వైరస్ మనిషికి సోకడం అరుదు. దాని హీమాగ్లుటినిన్ అతుక్కునే గ్రాహకాలు మన ముక్కు, గొంతుల్లో తక్కువగా, ఊపిరితిత్తుల అడుగున ఎక్కువగా ఉండడమే అందుకు ప్రధాన కారణం. కాబట్టి అంటుకోవడం కష్టం, అంటుకుంటే మాత్రం తీవ్రం. 2003 నుంచి ప్రపంచంలో హెచ్5ఎన్1 సోకినట్టు నిర్ధారణ అయిన తొమ్మిది వందల పైచిలుకు మందిలో సగానికి దగ్గరగా చనిపోయారు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పసిపాప మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించగా, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో హెచ్5ఎన్1 తేలింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకున్నట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. ఉడికిన మాంసంతో, ఉడికిన గుడ్డుతో ప్రమాదం లేదు, 70 డిగ్రీల వేడి లోపలిదాకా తగిలితే వైరస్ నశిస్తుంది, మన కూరలు అంతకు చాలా ఎక్కువగానే ఉడుకుతాయి. ముప్పంతా పచ్చి మాంసం కోసే చెయ్యి, కత్తి, పీట దగ్గర ఉంది. అయినా ప్రతిసారీ వార్త రాగానే జనం కూర మానేస్తారు, ధర పడిపోతుంది, వారం తిరగ్గానే అంతా మరిచిపోతారు. కోసే పీట కడుక్కునే పద్ధతి మాత్రం మారదు.

పెరటి కోళ్లు ఉన్నట్టుండి చస్తే కొక్కెర తెగులు అని సరిపెట్టుకోవడం మరో చిక్కు. రాణిఖేత్ అని పశువైద్యులు పిలిచే ఆ తెగులుకూ బర్డ్ ఫ్లూకూ పైకి కనిపించే లక్షణాలు చాలావరకు ఒకటే: ముడుచుకు కూర్చోవడం, పచ్చగా పారడం, మెడ వాలిపోవడం. జుట్టూ తమ్మెలూ నీలంగా మారి, ముఖం ఉబ్బి, ఒకే పెరట్లో రెండు మూడు రోజుల్లో కోళ్లన్నీ పోతుంటే అనుమానించవలసిందే, కానీ ఏది ఏదో తేల్చగలిగేది ప్రయోగశాల ఒక్కటే. చెప్పితే కోళ్లన్నీ చంపేస్తారన్న భయంతో రైతు నోరు విప్పడు, చచ్చిన వాటిని గుట్టుగా వదిలించుకుంటాడు, మిగిలినవాటిని అయినకాడికి అమ్మేస్తాడు. దాంతో వైరస్ ట్రేలూ గంపలూ ఎక్కి పక్క మండలానికి పోతుంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఇచ్చే పరిహారం చంపిన కోళ్లకే గానీ అప్పటికే చచ్చినవాటికి వర్తించదు. అంటే ముందుగా చెప్పినవాడికే గిట్టుబాటు. ఈ ఒక్క సంగతి రైతుల చెవిన సరిగ్గా వేసినా దాపరికం చాలావరకు తగ్గుతుంది. పరిహారం ఆలస్యమైతే మాత్రం మరుసటిసారి ఎవరూ నోరు విప్పరని పాలకులు గుర్తుంచుకోవాలి.

కోనసీమ క్యాలెండర్‌లో ఈ దారులన్నీ కలిసే వారం సంక్రాంతి. అప్పటికి వలస పక్షులు దిగి ఉంటాయి, కోతలైన చేలల్లో బాతులు తిరుగుతుంటాయి, గల్ఫ్ నుంచీ హైదరాబాద్ నుంచీ జనం ఇళ్లకు చేరతారు. చట్టం నిషేధించినా ఏటా జరిగే కోడిపందేల బరుల్లో, వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన పుంజులు రక్తం చిమ్ముకుంటాయి. గాయపడిన పుంజును ఒళ్లో పెట్టుకొని కుట్లు వేసేవారు, ముక్కులో చేరిన రక్తం ఊదేవారు, ఓడి చచ్చిన కోడి మాంసానికి ఎగబడేవారు అందరూ ఒకేచోట ఉంటారు. థాయ్‌లాండ్‌లో ఇలా పందెం కోళ్లను సాకినవారికి హెచ్5ఎన్1 సోకిన సందర్భాలున్నాయి. కనుమ నాడు అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేరే తీర్థానికి వచ్చే జనసందోహాన్ని 2023 గణతంత్ర దినోత్సవ శకటం ద్వారా దేశమంతా చూసింది. తర్వాత మాఘమాసంలో అంతర్వేది కల్యాణం. తీర్థాలు ఆరుబయట జరుగుతాయి గనుక గాలి ఆడుతుంది, అది కొంత నయం. కిక్కిరిసిన బస్సులు, పంట్లు, సత్రాల గదులు అలా కావు. మామూలు సంవత్సరాల్లో తీర్థం మానుకోమనడం అర్థం లేని మాట. కానీ కొత్త వైరస్ ఊళ్లో ఉన్నట్టు తెలిసిన ఏడాది సంగతి వేరు: 1918 సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో యుద్ధ రుణాల కోసం రెండు లక్షల మందితో ఊరేగింపు తీయగా, మూడు రోజుల్లోనే ఆ నగరపు ఆసుపత్రుల్లో పడకలు నిండిపోయాయి.

చలికాలం ఒక్కటే ఫ్లూ కాలం అనుకోవడం కూడా పొరపాటు. చలిదేశాల పుస్తకాల్లో అలా ఉంటుంది గానీ, మన దేశంలో జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానలతో పాటు జులై నుంచి సెప్టెంబరు వరకు మరోసారి ఫ్లూ లేస్తుంది, దక్షిణాదిలో వానకాలపు అలే ప్రధానం. అదే గోదావరి వరదల కాలం కూడా. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులకు మించి నీరు పోయినప్పుడు లంక గ్రామాల జనం బడి గదుల్లో, పునరావాస కేంద్రాల్లో చాపలు పక్కపక్కన పరుచుకొని రోజులు వెళ్లదీశారు. అలాంటి చోట జ్వరం, దగ్గు ఉన్నవారికి వేరే గది, కిటికీ పక్కన పడక, నాలుగు మాస్కులు సర్దడం బియ్యం, పప్పు పంచినంత ముఖ్యమైన సహాయమే.

టీకా సంగతి ఈ కాలాన్ని బట్టే చూడాలి. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పరచిన ఫ్లూ నిఘా వలయంలోని ప్రయోగశాలలు ఏడాది పొడవునా నమూనాలు పరీక్షించి, ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ, రాబోయే టీకాలో ఏయే రకాలుండాలో సూచిస్తాయి. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మన ప్రాంతంలో వానలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో వేయించుకోవడం మేలు. వైరస్‌తో బాగా సరిపోలిన ఏడాది కూడా అది సగం మందికి అటూ ఇటూగానే రక్షణ ఇస్తుంది. వచ్చినా ప్రాణం మీదికి రానివ్వకపోవడం దాని అసలు ప్రయోజనం. గర్భిణులకు, ఆరు నెలలు దాటిన పసిపిల్లలకు, వృద్ధులకు, దీర్ఘరోగులకు, ఆసుపత్రి సిబ్బందికి ముందుగా వేయాలి. ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేకపోవడం పేద గర్భిణి విషయంలో మరీ అన్యాయం. కొత్త మహమ్మారికి పాత టీకా పనికిరాదు. 2009లో వైరస్ ఏప్రిల్‌లో బయటపడితే, మన దేశంలో తయారైన తొలి టీకా, జైడస్ క్యాడిలా వారి వ్యాక్సిఫ్లూ-ఎస్, 2010 జూన్‌లో మార్కెట్లోకి వచ్చింది; మరో రెండు నెలలకే మహమ్మారి ముగిసినట్టు ప్రకటన వెలువడింది. అందుకే తొలి నెలల్లో టీకా కోసం ఎదురుచూడకుండా, గాలి, దూరం, మాస్కు, సమాచారం అనే పాత ఉపాయాలతోనే నెట్టుకురావలసి ఉంటుంది.

ఊళ్లో జ్వరం వస్తే మొదట కనబడేది ఆర్‌ఎంపీ అని పిలిచే ఊరి వైద్యుడు. ఒక సూది, ఒక సెలైన్ సీసా, మూడు రోజుల యాంటిబయాటిక్ ఇస్తే గానీ వైద్యం జరిగినట్టు అనిపించని అలవాటు రోగిదీ, వైద్యుడిదీ కూడా. యాంటిబయాటిక్ ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయదు, వెనుక వచ్చే బాక్టీరియా న్యుమోనియాకు మాత్రమే అవసరం. ఒసెల్టామివిర్ అనే మందు వైరస్ కణం నుంచి బయటపడకుండా న్యూరామినిడేజ్‌ను అడ్డుకుంటుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది, ముప్పు ఎక్కువ ఉన్నవారికి పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్టరు సలహాతో మొదలుపెట్టవలసినది. పిల్లలకు జ్వరం తగ్గడానికి పారాసిటమాల్ ఇవ్వాలి, యాస్పిరిన్ ఎన్నడూ ఇవ్వకూడదు, ఫ్లూలో అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్‌కు దారితీయవచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, పెదాలు నీలిరంగు తేలడం, మగతగా పడి ఉండడం, పసివాడు పాలు మానేయడం, తగ్గిన జ్వరం రెండు రోజుల తర్వాత మళ్లీ తిరగబెట్టడం, వీటిలో ఏది కనబడినా ఆర్‌ఎంపీ మెట్లు దిగి ఏరియా ఆసుపత్రి మెట్లు ఎక్కవలసిందే. ఒకే వీధిలో, ఒకే బడిలో, ఒకే కోళ్ల ఫారంలో పనిచేసేవారిలో వారంలో నలుగురైదుగురికి తీవ్రమైన దగ్గుజ్వరం వచ్చిందని గమనించిన ఆర్‌ఎంపీ ఆ మాట పీహెచ్‌సీకి ఫోనులో చెబితే, ఆయన ఇచ్చే సూదులన్నింటి కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో రానున్నాయి. పోయినసారి 2015 జులైలో పన్నెండు రోజులు జరిగినట్టే ఈసారీ అవి వానల తొలిరోజుల్లోనే, ఫ్లూ లేచే కాలపు గుమ్మంలోనే పడుతున్నాయి. అంతర్వేది, కోటిపల్లి, అప్పనపల్లి రేవుల్లో స్నానఘట్టాలకూ, పార్కింగుకూ, పోలీసు బందోబస్తుకూ వేసే ప్రణాళికల్లో రెండు పద్దులు చేరడానికి ఇప్పుడైతే సమయం ఉంది: ఆ ఏడాది మే నెలలో ఘాట్లలో పనిచేసే పారిశుధ్య కార్మికులకూ, పంటు నడిపేవారికీ, ఆశా కార్యకర్తలకూ ఫ్లూ టీకా, ఘాట్ల దగ్గరి వైద్య శిబిరాల్లో దగ్గుజ్వరం కేసుల్ని ఏ రోజుకారోజు లెక్కకట్టి అమలాపురం పంపే ఒక రిజిస్టరు.